డీజే బండి వైరు ఎందుకు కాలింది?



మా మామ మేడ్చల్, శామీర్‌పేట దిక్కు పెళ్ళి బరాత్‌లకు ట్రాలీ ఆటో మీద డీజే పెడతాడు. పోయిన ఏడు పాట నడుస్తుండగానే వైరు అంటుకుంది. మామ చెయ్యి కాలింది. ఎందుకో పదో తరగతి అక్క సైన్సు పుస్తకం చూసి తెలుసుకున్నాను.

ఆటో బ్యాటరీ 12 వోల్టులు. యాంప్లిఫయర్ 600 వాట్లు గుంజితే 600ని 12తో భాగించాలి. 50 ఆంపియర్లు! ఇంట్లో 230 వోల్టుల మీద అదే 600 వాట్లకు 3 ఆంపియర్లు కూడా రావు. మామ ఇంటి ఫ్యాను వైరే వేసిండు. సన్న వైరుకు నిరోధం ఎక్కువ, అందుకే వేడెక్కి కాలింది. లావు రాగి వైరు వేయాలి. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాలి. అప్పుడు వైరు కాలకముందే ఫ్యూజు కొట్టేస్తుంది.

బాస్ స్పీకర్లు 4 ఓములవి రెండు సమాంతరంగా కలిపితే 2 ఓములే అవుతాయి. 4 ఓములకే తట్టుకునే యాంప్లిఫయర్ అయితే కాలిపోవచ్చు. కొనేటప్పుడు ఓములు, ఆర్.ఎం.ఎస్. వాట్లు చూడాలి. డబ్బా మీద పెద్దగా రాసిన పీక్ వాట్లు నమ్మొద్దు.

మా ఇంట్ల చదువుకునేది నేనే మొదలు. సెలవులకు పోయి ఈ లెక్క చెప్తే మామ ముందు నవ్విండు. తర్వాత లావు వైరు, ఫ్యూజు తెచ్చిండు.

– 9వ తరగతి విద్యార్థిని