వంటింటి కిటికీలో కుందేలు

పొద్దున్నే కాఫీ డికాక్షన్ దిగేలోపు కిటికీలోంచి పెరట్లోకి చూడటం నాకు మొదటినుంచీ అలవాటు. మా తెనాలిలో అయితే ఆ వేళకి జామచెట్టు మీద ఉడతలు, గోడ మీద పక్కింటివాళ్ల పిల్లి కనిపిస్తాయి. 2019 ఏప్రిల్‌లో మాత్రం నేను చూస్తున్నది మా అమ్మాయి వాళ్ల పెరడు. అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలో. అమ్మాయికి మార్చిలో రెండో కాన్పు అయింది. పురిటి సాయానికి వెళ్లి అప్పటికి నెల దాటింది.

ఆ రోజు పచ్చగడ్డి మధ్యలో మట్టిరంగు ముద్ద ఒకటి కనిపించింది. రాయి అనుకున్నాను. నిన్న లేని రాయి ఇవాళ ఎక్కణ్ణుంచి వచ్చిందా అని చూస్తుండగానే, ఆ రాయికి రెండు చెవులు లేచాయి!

"అమ్మలూ! మీ పెరట్లోకి ఎవరిదో పెంపుడు కుందేలు తప్పించుకుని వచ్చిందే!" అని హడావుడిగా లేపాను.

పాపం, రాత్రంతా పిల్లాడితో జాగారం చేసిన మనిషి. "పెంపుడుదేం కాదమ్మా. మన ఊళ్లో ఉడతలెలాగో ఇక్కడ కుందేళ్లలాగ..." అని అటు తిరిగి పడుకుంది.

మనకి కుందేలంటే ఏం తెలుసు చెప్పండి! చందమామలో మచ్చ. సింహాన్ని బావిలో దూకించిన పంచతంత్రం కుందేలు. ఎవరైనా మొండికేస్తే వెక్కిరించడానికి మూడు కాళ్ల సామెత. కళ్లారా చూసింది ఎవరింట్లోనో బోనులో తెల్లగా, ఎర్రకళ్లతో కూర్చున్నదాన్నే. ఫోనులో చెబితే మావారు మాత్రం, "ఓస్, చెవులపిల్లేనా! చిన్నప్పుడు మా పొలంలో ఎన్ని చూళ్లేదు!" అని తీసిపారేశారు.

అక్కడే ఉంది తిరకాసు. మన పొలాల్లో పరుగెత్తే చెవులపిల్లి, బోనులో పెంచే తెల్ల కుందేలు, అమెరికా పెరళ్లలో తిరిగే ఈ కుందేలు... మూడూ మూడు జాతులు. మన చెవులపిల్లికి కాళ్లూ చెవులూ పొడుగు, మెడ వెనక నల్లటి మచ్చ ఉంటుంది. పిల్లలు పుట్టడమే ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకుని పుడతాయి. అమెరికా కుందేలు పిల్లలు అలా కాదు. కళ్లు మూసుకుని, ఒంటి మీద సరిగా నూలుపోగంత బొచ్చైనా లేకుండా పుడతాయి. వీటిని అక్కడ 'కాటన్‌టెయిల్' అంటారు. పరుగెత్తినప్పుడు తోక కింద తెలుపు కనిపిస్తుంది చూడండి, అచ్చం పగిలిన పత్తికాయే! గుంటూరు జిల్లా దాన్ని, నాకా పేరు వెంటనే నచ్చేసింది.

మెంతికూర తగువు

నచ్చింది గానీ ఆ ముచ్చట వారం కూడా నిలవలేదు. ఏప్రిల్‌లో చలి తగ్గుతూనే పెరట్లో చిన్న మడి చేసి మెంతులు చల్లాను. బాలింతకి మెంతికూర పప్పు చేసిపెడదామని ఆశ. వేలెడు ఎత్తు లేచిందో లేదో ఒకరోజు పొద్దున సగం మడి ఖాళీ! కాడలు కత్తెరతో ఏటవాలుగా కత్తిరించినట్టున్నాయి. అది కుందేలు పంటిగుర్తేనట. జింకలు కొరికితే చివర పీచులు పీచులుగా చిరుగుతుంది.

"దీన్ని ఎలాగైనా తోలెయ్యాలి బాబూ" అన్నాను అల్లుడితో.

"అవి మనకంటే ముందునుంచీ ఇక్కడున్నవి అత్తయ్యా, మనమే సర్దుకోవాలి" అని నవ్వి, సాయంత్రం తీగ వల చుట్ట ఒకటి తెచ్చారు. అంగుళం కంటే పెద్ద కన్ను ఉండకూడదు. రెండడుగుల ఎత్తు చాలు, కానీ అడుగుభాగం కొన్ని అంగుళాలు మట్టిలోకి పాతాలి, లేకపోతే కిందనుంచి దూరుతుంది. అది కట్టాక నా మెంతికూర నాకు దక్కింది. పచ్చికలో మొలిచే క్లోవర్ ఆకు, పసుప్పచ్చ పూల డాండిలయాన్ మొక్క కుందేలుకి దక్కాయి. మావాళ్లు కలుపు అని పీకేసేవి దానికి విస్తరి భోజనం! ఇక తగువు తీరింది కదా, దాన్ని తీరిగ్గా చూడటం మొదలుపెట్టాను.

పొద్దున్న వెలుగు రాకముందు, సాయంత్రం వెలుగు పోయేముందు... అవే దాని వేళలు. మధ్యాహ్నం ఎక్కడో పొద కింద కదలకుండా పడుకుంటుంది. డాండిలయాన్ కాడని మొదట్లో కొరికి, ఆ చివరనుంచి మనవాళ్లు మురుకు లాగించినట్టు కటకటా లోపలికి లాక్కుంటుంది. తర్వాత ముందుకాళ్లు రెండూ నాకి తడిచేసుకుని మొహం తుడుచుకుంటుంది. ఒక్కో చెవినీ కిందకి వంచి, జడ దువ్వుకున్నట్టు దువ్వుకుంటుంది. నా డికాక్షన్ చల్లారిపోయేది.

ఫొటో కోసం పడ్డ పాట్లు

మా మనవరాలికి అప్పుడు ఆరేళ్లు. "అమ్మమ్మా, ఫొటో తియ్యి, టీచర్‌కి చూపిస్తా" అని పేచీ. అమ్మాయి తన పాత డిజిటల్ కెమెరా నా చేతికిచ్చింది. నేను పెళ్లిళ్లలో తప్ప కెమెరా పట్టి ఎరగను. మొదటి రోజు మెల్లిగా తలుపు తీసి, పిల్లిలా వెనకనుంచి వెళ్లాను. పది అడుగులు వేశానో లేదో తుర్రుమంది. ఫొటోలో గడ్డి వచ్చింది!

తర్వాత తెలిసింది, కుందేలు కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి కనక వెనకనుంచి వచ్చేవాళ్లు కూడా దానికి కనిపిస్తారని. సరిగ్గా ముక్కు ఎదురుగా ఉన్న కాస్త చోటే కనబడదట. వెనకనుంచి దొంగలా వెళ్లడంకంటే తెలివితక్కువ పని ఇంకోటి లేదన్నమాట.

నేను కిందా మీదా పడి నేర్చుకున్నవి చెబుతాను. మొదటిది, మనం దాని దగ్గరికి వెళ్లకూడదు, అదే మన ముందుకి వచ్చేదాకా ఒకేచోట కూర్చోవాలి. నాకు వంటింటి కిటికీయే మంచి చోటు. లోపల లైటు ఆర్పేసి, కెమెరా అద్దానికి ఆనించి పెడితే మన నీడ, మన స్టీలు గిన్నెల మెరుపు ఫొటోలో పడవు. బయటికి వెళితే గుమ్మం మెట్టు మీద కూర్చుని కెమెరా మోకాళ్లకంటే కిందకి దించాలి. నిలబడి తీస్తే ఉత్త వీపే కనిపిస్తుంది, దాని కంటి ఎత్తుకి దిగితే అప్పుడు మొహం, మీసాలు, కంట్లో మెరుపు, అన్నీ వస్తాయి. ఫ్లాష్ మాత్రం వద్దు. దానికీ బెదురు, ఫొటోలో కళ్లూ దెయ్యం కళ్లలా వస్తాయి.

అది నమలడం ఆపి, తల ఎత్తి, చెవులు నిక్కబొడుచుకుందంటే మనం హద్దు దాటినట్టే. అక్కడే ఆగిపోవాలి. మళ్లీ నమలడం మొదలుపెడితే మనల్ని క్షమించినట్టు.

సాయంకాలపు ఎండ దాని వెనకనుంచి పడినప్పుడు చూడాలండీ! చెవులు రెండూ గులాబీరంగులో వెలుగుతాయి, అందులో సన్నని నరాలు గీతలు గీసినట్టు కనిపిస్తాయి. ఆ ఫొటో ఒక్కటి రావడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల్లో రెండుసార్లు పప్పు మాడ్చాను, అది వేరే సంగతి.

గడ్డి కింద దోసెడు గుంట

మే నెల మూడోవారం. శనివారం అల్లుడు గడ్డి కోసే మిషను బయటికి తీశారు. సగం కోశాక మిషను ఆపి, "అత్తయ్యా, ఒకసారి ఇలా రండి" అని కేక. ఎండిన గడ్డి కొంచెం చెదిరి ఉంది. కింద దోసెడు గుంట. అందులో మెత్తటి బొచ్చు పరుపు, ఆ పరుపులో ఒకదాన్ని ఒకటి ఒత్తుకుని అయిదు పిల్లలు! ఒక్కోటి నా బొటనవేలంత. ఇంకా కళ్లు తెరవలేదు. మిషను చక్రం జానెడు దూరంలో ఆగింది. నా కాళ్లలో వణుకు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

మన చెవులపిల్లి గానీ ఈ కుందేలు గానీ బొరియ తవ్వుకోవు. తల్లి పచ్చికలోనే చిన్న గుంట చేసి, తన రొమ్ము మీది బొచ్చు తానే పీక్కుని పరుపు వేస్తుంది. పైన గడ్డి కప్పేసి వెళ్లిపోతుంది. మనం పక్కనుంచి నడిచినా తెలియదు.

మనవరాలు ఏడుపు మొదలెట్టింది. "వాళ్లమ్మ లేదు, మనింట్లో పెంచుదాం, తమ్ముడి పాలసీసాతో పాలు పడదాం" అని. నాకూ నిజంగా అదే అనిపించింది. అట్టపెట్టె తెద్దామని లేచాను కూడా. అల్లుడు అడ్డుకున్నారు. అక్కడ అడవి జంతువుని ఇంట్లో పెంచాలంటే ప్రభుత్వం అనుమతి ఉండాలి. అదలా ఉంచి, అడవి కుందేలు కూనలు మనుషుల చేతిలో బతకడం చాలా కష్టం. ఆవుపాలు వాటికి పడవు. మంచి చెయ్యబోయి పిల్లల్ని చంపుకునేవాళ్లే ఎక్కువట.

మరి తల్లి ఉందో లేదో తెలిసేదెలా? దానికో ఉపాయం ఉంది. గూడు మీద గడ్డి మళ్లీ ఎప్పట్లా కప్పి, పైన నాలుగు దారాలు అడ్డంగా, నిలువుగా వెయ్యాలి. మర్నాడు దారాలు చెదిరి, గడ్డి మళ్లీ సర్ది ఉంటే తల్లి వచ్చి వెళ్లినట్టు. మనిషి చెయ్యి తగిలితే తల్లి పిల్లల్ని వదిలేస్తుందనేది ఉత్తమాటే. నా ఊలు బుట్టలోంచి ఎర్ర దారం తీసి ఆ గూటి మీద గళ్ల ముగ్గు వేశాను. గూడు చుట్టూ పది అడుగుల మేర గడ్డి కొయ్యొద్దని అల్లుడికి చెప్పాను. వీధిలోవాళ్లకి మా పెరట్లో ఆ గుండ్రటి చిట్టడివి ఏమిటో అర్థంకాలేదు.

ఆ రాత్రి అమ్మాయి పిల్లాడికి పాలిస్తూ కిటికీ దగ్గరే కూర్చుంది. జూన్‌లో తిరిగి ఆఫీసుకి వెళ్లాలి. మూణ్ణెల్ల బిడ్డని వదిలి ఎలా వెళతావని బంధువులెవరో ఫోనులో అన్న మాట మనసులో పెట్టుకుంది.

"పొద్దుణ్ణుంచీ చూస్తున్నానమ్మా. ఒక్కసారైనా రాలేదు. ఇదేం తల్లి?" అంది. ఆ మాట కుందేలు గురించి కాదని నాకు తెలుసు.

"అది వదిలేసి పోలేదే. పక్కనే కూర్చుంటే దాన్ని చూసి నక్కో, పిల్లో, గద్దో గూటి మీదకి వస్తుంది. దూరంగా ఉండి కాపాడుతోంది. రోజుకి రెండుసార్లే వస్తుందట. వచ్చినప్పుడు మాత్రం చిక్కటి పాలు కడుపునిండా ఇచ్చి వెళుతుంది."

అమ్మాయి మాట్లాడలేదు. పిల్లాణ్ణి భుజం మీదకి ఎత్తుకుని వీపు నిమురుతూ బయటకే చూస్తోంది.

తెల్లవారి నేను లేచేసరికి తనే పెరట్లోంచి లోపలికి వస్తోంది, చెప్పులకి మంచు తడి. "దారాలు చెదిరాయమ్మా!" అంది.

ఆ సాయంత్రం ఇద్దరం లైటు ఆర్పేసి కిటికీ దగ్గర కాపు కాశాం. వెలుగు పోతుండగా కంచె పక్కనుంచి వచ్చింది. నాలుగు గెంతులు, ఆగడం. మళ్లీ నాలుగు గెంతులు, ఆగడం. గూటి మీద నిలబడి కదలకుండా అయిదు నిమిషాలు. తర్వాత ముందుకాళ్లతో గడ్డి లాగి కప్పి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. అమ్మాయి కెమెరా తీసి ఒక్కటంటే ఒక్క ఫొటో తీసింది. ఫ్లాష్ లేదు, చీకటి పడిపోయింది. ఏం వస్తుంది? మసగ్గా ఓ గుండ్రటి ముద్ద వచ్చింది.

రెండువారాలకి గూడు ఖాళీ. ఆ తర్వాత పిడికెడంత కూనలు పొదల అంచున తిరుగుతూ కనిపించాయి. అయిదు కాదు, మూడే. మిగతా రెండూ ఏమయ్యాయో మనవరాలు అడగలేదు, నేనూ చెప్పలేదు. వాటిల్లో ఒకటి నా మెంతిమడి వల అంచున కూర్చుని లోపలికి చూస్తుండగా తీసిన ఫొటో స్కూల్లో బోర్డుకెక్కింది.

మన దగ్గర ఇళ్ల పెరళ్లలోకి కుందేళ్లు రావు. ఊరవతల చేలల్లో చెవులపిల్లి కనిపిస్తే చూసి సంతోషించడమే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని వేటాడటం నేరం. కానీ నేను తెనాలి వచ్చాక ఆ కిటికీ పాఠాలన్నీ మా ఉడతల మీద ప్రయోగిస్తున్నాను. ఉడతని తియ్యడం కుందేలుకంటే కష్టం సుమండీ, ఒక్క క్షణం నిలవదు!

అమ్మాయి మొన్న ఫోను చేసింది. ఆ మసక ఫొటోని ఫ్రేము కట్టించి ఇన్నేళ్లూ ఆఫీసులో తన టేబుల్ మీదే పెట్టుకుందట. చూసినవాళ్లంతా ఇదేమిటి అని అడుగుతారట.

"ఏమని చెబుతావే?" అన్నాను.

"మా పెరట్లో రాయి అని చెబుతానమ్మా" అంది.