నిదురపోతే ఆగే ఊపిరి

మెలకువలో చక్కగా శ్వాసించి, కునుకు పట్టగానే ఊపిరి మందగించే పిల్లలు అరుదుగా జన్మిస్తారు. వైద్యులు దీన్ని కంజెనిటల్ సెంట్రల్ హైపోవెంటిలేషన్ సిండ్రోమ్ అంటారు. ఫాక్స్2బి జన్యువులోని మార్పే దీనికి మూలమని 2003లో తేలింది. చాలామంది పిల్లల్లో అది కొత్తగా తలెత్తిన మార్పు. తల్లిని నిందించటం అన్యాయం. జిన్నుల ప్రభావమనుకుని తాయెత్తులతో కాలయాపన చేయరాదని మేము మనవి చేస్తున్నాము. దీనికి శాశ్వత చికిత్స లేదు. నిద్రవేళ శ్వాసయంత్రమే ఆధారం. సక్రమంగా వాడితే ఈ పిల్లలు బడికి వెళ్తారు, పెద్దవారవుతారు.

రాత్రి కరెంటు పోతే మా బేతంచెర్లలో మనకు ఉక్కపోతే. అలాంటి బిడ్డ ఉన్న ఇంట ప్రాణగండం. ఇన్వర్టరుకు చేయూతనివ్వటం, తల్లి కాసేపు నిద్రించేలా కాపలాకు వంతు కావటం పొరుగువారిగా మన బాధ్యత. నిద్రలోనూ అల్లాహ్ ఆత్మలను స్వాధీనం చేసుకుంటాడని జుమర్ సూరా తెలుపుతోంది. మేల్కొనగానే చేసే దుఆ విలువ ఆ తల్లికి బాగా తెలుసు.