గొర్రెపిల్లను ముద్దుగా పెంచుకుంటున్నారా? ప్రేమతో పెట్టే ఆ అన్నమే ప్రాణం తీయొచ్చు!
ఎకరం, రెండెకరాల తోటలో గొర్రెపిల్లను పెంచుకునేవాళ్లు ముందు చూసుకోవాల్సింది దాని కడుపునే. మిగిలిన అన్నం, బియ్యం ఒకేసారి ఎక్కువగా తింటే పొట్టలో పులిసిపోయి ఆమ్లం పెరుగుతుంది. మేత మానేసి కూలబడుతుంది. వైద్యం ఆలస్యమైతే ఒకట్రెండు రోజుల్లోనే చనిపోవచ్చు. పచ్చిమేత, ఎండుగడ్డే దాని అసలు తిండి. దాణా పెట్టాలన్నా గుప్పెడుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి.

ఇంకో మాట.. గొర్రె మందలో బతికే జీవి. ఒంటరిగా కట్టేస్తే అరుస్తూనే ఉంటుంది, కనీసం రెండైనా ఉండాలి. నెల్లూరు జాతికి ఉన్ని కత్తిరించే పనిలేదు, దక్కనీకైతే తప్పదు. వానలకు ముందే చిటుక రోగం టీకా, నట్టల మందు వేయించాలి. ఇక సీసాపాలతో పెరిగిన పోతుపిల్లతో జాగ్రత్త. మనిషంటే బెదురు పోయి, పొట్టేలయ్యాక ఇంట్లో పిల్లలనూ కుమ్మేస్తుంది. చిన్నప్పుడే పశువైద్యుడితో విత్తులు కొట్టిస్తే ఆ దూకుడు చాలావరకు తగ్గుతుంది.