పికప్‌లోంచి కంప్యూటర్ తీసేస్తే?

చాండ్లర్ (అరిజోనా): డ్రైవర్ లేని కారు పక్క నుంచి వెళ్లినా మా ఊళ్లో ఎవరూ తల తిప్పి చూడరు. 2018 డిసెంబరులో వేమో ట్యాక్సీ సర్వీసు మొదలైన ఊళ్లలో చాండ్లర్ ఒకటి. ఇంటెల్ చిప్‌లు తయారయ్యేదీ ఇక్కడే, మైక్రోచిప్ ప్రధాన కార్యాలయం ఉన్నదీ ఇక్కడే. ఇక్కడున్న మన తెలుగువాళ్లలో చాలామందికి సాఫ్ట్‌వేరే బతుకుతెరువు. అయితే పాత డీజిల్ పికప్‌ల అభిమానులు కొందరు దీనికి సరిగ్గా ఎదురు పని చేస్తుంటారు. ఇంజిన్‌కు డీజిల్ కొలిచి పంపే కంప్యూటర్‌ను పక్కన పెట్టి, పూర్తిగా మెకానికల్ పంపు బిగిస్తారు.

ఈ చర్చ మా ఇంట్లోకీ వచ్చింది. క్యాంపింగ్ ట్రెయిలర్ లాగడానికి మా దగ్గర 2001 మోడల్ డాడ్జ్ రామ్ 2500 డీజిల్ ఉంది. కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న మావాడు, "నాన్నా, బండి బాగున్నప్పుడే పంపు మార్చేద్దాం. ఇక సెన్సార్ల గొడవే ఉండదు" అన్నాడు. ఇరవై ఏళ్లుగా కోడ్ రాసి బతుకుతున్న నాకు ఈ ప్రశ్న ఆసక్తిగా అనిపించింది.

రెండు పంపుల కథ

ఈ పికప్‌లలోని 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల కమిన్స్ ఇంజిన్‌కు అమెరికాలో పెద్ద పేరుంది. 1994 నుంచి 1998 మధ్య వరకు దీనికి బాష్ పీ7100 పంపు వచ్చేది. అది పూర్తిగా మెకానికల్. 1998 మధ్యలో 24 వాల్వుల ఇంజిన్‌తో పాటు వీపీ44 అనే ఎలక్ట్రానిక్ పంపు వచ్చింది. 2003 మోడల్‌కు అదీ పోయి కామన్ రెయిల్ వచ్చింది. ఇప్పుడు మార్పిడి మాట వినిపించేది ఎక్కువగా ఆ మధ్య నాలుగైదేళ్ల బండ్ల విషయంలోనే.

కారణం ఉంది. వీపీ44కు తనలోంచి పారే డీజిలే చల్లదనం, అదే లూబ్రికేషన్. ట్యాంకు నుంచి డీజిల్ తెచ్చే చిన్న లిఫ్ట్ పంపు బలహీనపడితే పెద్ద పంపు ఎండిపోయి అరిగిపోతుంది. పంపు నెత్తినే ఎలక్ట్రానిక్ యూనిట్ ఉంటుంది, దానికి వేడి పడదు. 2023లో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 43 సెల్సియస్ దాటింది. అలాంటి ఎండలో బానెట్ కింద పరిస్థితి ఊహించుకోవచ్చు.

ఆయిల్ ఇంజిన్ చెప్పిన పాఠం

మెకానికల్ పంపు మన పల్లెలకు కొత్తేమీ కాదు. గుంటూరు జిల్లాలో మా పొలానికి నీళ్లు తోడిన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజిన్‌కు బ్యాటరీ లేదు, వైరు లేదు. హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేస్తే చాలు. లోడు పెరిగితే అదే ఎక్కువ డీజిల్ తాగేది, తగ్గితే తగ్గించుకునేది. ఆ లెక్క చేసేది గవర్నర్. తిరిగే బరువులు వేగం పెరిగితే బయటకు విచ్చుకుంటాయి, స్ప్రింగ్ వాటిని వెనక్కి లాగుతుంది. ఆ పెనుగులాటే డీజిల్ ఎంతో తేలుస్తుంది.

పీ7100 కూడా అంతే, కాకపోతే సిలిండర్‌కు ఒకటి చొప్పున ఆరు ప్లంజర్లు. ప్రతి ప్లంజర్ మీద ఏటవాలుగా చెక్కిన గాడి ఉంటుంది. ర్యాక్ అనే కడ్డీ కదిలి ప్లంజర్లను కొంచెం తిప్పితే నాజిల్‌కు వెళ్లే డీజిల్ కొలత మారుతుంది. టర్బో గాలి అందేదాకా డీజిల్‌ను ఆపి పట్టే డయాఫ్రం కూడా ఉంటుంది. అంటే కంప్యూటర్ లేకపోయినా లెక్క ఉంది. ఆ లెక్కను ఇనుములో చెక్కారు, అంతే తేడా.

ఒక్క పంపుతో పోదు

పంపు కొనుక్కొచ్చి బిగిస్తే పని అయిపోదు. ఇంజిన్ ముందున్న గేర్ కేసు, పంపు గేరు, డీజిల్ లైన్లు, నాజిళ్లు, యాక్సిలరేటర్ లింకేజీ, సప్లై పంపు అన్నీ మారాలి. పాత 12 వాల్వుల ఇంజిన్ గేర్ కేసు వాడితే దాని జబ్బు కూడా వెంట వస్తుంది. అందులోని ఒక చిన్న స్టీలు పిన్ను ఊడి గేర్ల మధ్య పడితే ఇంజిన్‌కే ముప్పు. అది కదలకుండా ముందే పట్టీ వేయాలి. పైగా ఈ బండ్లలో ఆల్టర్నేటర్ చార్జింగ్‌ను, ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో ఓవర్‌డ్రైవ్‌ను చూసుకునేదీ కంప్యూటరే. దాన్ని పూర్తిగా తీసేస్తే ఒక్కో పనికీ వేరే ఏర్పాటు చేసుకోవాలి.

అసలు నష్టం మరొకటి. డీజిల్‌ను ఏ క్షణంలో చిమ్మాలన్నది వీపీ44 వేగాన్ని, లోడును, ఇంజిన్ వేడిని బట్టి మార్చుకుంటుంది. పీ7100లో ఆ టైమింగ్ బిగించినప్పుడు ఎంత పెడితే అంతే. టైమింగ్ ముందుకు జరిపితే సాధారణంగా మైలేజీ, పవర్ పెరుగుతాయి, వాటితో పాటు నైట్రోజన్ ఆక్సైడ్లూ పెరుగుతాయి. 1998లో హెవీ డ్యూటీ డీజిల్ ఇంజిన్లకు వీటి పరిమితిని హార్స్‌పవర్-గంటకు 5 గ్రాముల నుంచి 4 గ్రాములకు తగ్గించారు. ఎలక్ట్రానిక్ పంపులు వచ్చిన కాలం అదే.

ఈ ఆక్సైడ్లకు ఎండ తోడైతే నేల మట్టంలో ఓజోన్ తయారవుతుంది. ఫీనిక్స్ ప్రాంతం ఫెడరల్ ఓజోన్ ప్రమాణాన్ని అందుకోలేకపోతోంది. వేసవిలో ఓజోన్ హెచ్చరిక వచ్చిన రోజున ఇన్‌హేలర్ వాడే మా చిన్నమ్మాయిని బయట ఆటలకు పంపం. మావాడి ప్రశ్నకు జవాబు నాకు అక్కడే దొరికింది.

చట్టం ఏమంటుంది?

ఉద్గారాల నియంత్రణ కోసం కంపెనీ అమర్చిన పరికరాన్ని గానీ, డిజైన్‌లోని అంశాన్ని గానీ తీసేయడాన్ని, పనిచేయకుండా చేయడాన్ని ఫెడరల్ క్లీన్ ఎయిర్ యాక్ట్ నిషేధిస్తోంది. చాండ్లర్ ఎమిషన్ టెస్ట్ పరిధిలో ఉంది. డీజిల్ బండ్లకు ఇక్కడ పొగ ఎంత చిక్కగా ఉందో కొలుస్తారు. బాగా ట్యూన్ చేసిన మెకానికల్ పంపు ఆ పొగ పరీక్ష దాటవచ్చు. కానీ ఆ పరీక్ష నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవదు. టెస్ట్ పాసైనంత మాత్రాన మార్పు చట్టబద్ధం అయిపోదు.

మేం చేసింది

పంపు మార్చలేదు. మంచి లిఫ్ట్ పంపు వేయించి, డ్యాష్‌బోర్డు మీద డీజిల్ ప్రెషర్ గేజి పెట్టించాం. ప్రెషర్ పడిపోతే పెద్ద పంపు దెబ్బతినకముందే తెలుస్తుంది. మావాడి ఉత్సాహం చల్లారకుండా అరిగిపోయిన పీ7100 ఒకటి పాత సామాన్ల యార్డు నుంచి తెచ్చిచ్చాను. గ్యారేజీ బల్ల మీద విప్పి, గవర్నర్ బరువుల్ని వీడియో కాల్‌లో తాతయ్యకు చూపించాడు. "ఇది మన ఆయిల్ ఇంజిన్‌లో ఉన్నదేరా!" అని ఆయన అరగంట పాఠం చెప్పారు. అమెరికాలో పుట్టిన మనవడు తెలుగులో అంతసేపు ప్రశ్నలు అడగడం నేను అంతకుముందు వినలేదు.

1998 నుంచి 2002 మధ్య మోడల్ డీజిల్ పికప్ కొనాలనుకునే మనవాళ్లకు ఒక మాట. పంపు ఏదో అడగండి, బానెట్ ఎత్తి చూడండి. మార్చిన బండి అయితే, మీ కౌంటీలో రిజిస్ట్రేషన్ అవుతుందో లేదో తెలుసుకున్నాకే డబ్బు కట్టండి. మార్చనిదైతే మొదటి ఖర్చు ప్రెషర్ గేజికి పెట్టండి.