మీ ఓటు పడిపోయిందమ్మా!

పటమటలోని మా ఇంట ఇప్పటికీ చెప్పుకొనే సంగతి ఒకటున్నది. 1989 నవంబరు ఎన్నికల రోజున అమ్మ ఉతికిన చీర కట్టుకొని, మమ్మును వెంటబెట్టుకొని పోలింగ్ కేంద్రానికి వెళ్లింది. గంటసేపు వరుసలో నిలుచున్న తరువాత అక్కడి ఉద్యోగి జాబితా చూచి, "మీ ఓటు పడిపోయిందమ్మా" అన్నాడు. అమ్మ సిరా చుక్క లేని వేలు చూపించి, "నేను వేయకుండానే ఎట్లా పడింది బాబూ?" అని అడిగింది.

చివరకు ఆమెకు టెండర్ ఓటు ఇచ్చారు. మన పేరున వేరొకరు ముందే ఓటు వేసిన యెడల చట్టం చూపే దారి ఇదే. అయితే ఆ కాగితం పెట్టెలో పడదు. విడిగా కవరులో ఉంచుతారు. న్యాయస్థానం ఆదేశిస్తే తప్ప లెక్కకు రాదు.

1952లో అభ్యర్థికొక పెట్టె పెట్టిన తొలి ఎన్నికలకు పండుగకు వెళ్లినట్లు వెళ్లిన మనిషి, 1991లోను 1994లోను గడప దాటలేదు. "మన పని వాళ్లే చేసిపెడుతున్నారుగా!" అనేది.

ప్రియ చదువరులారా, దొంగ ఓటు చేసే అసలు కీడు ఇదే. ఓడినవాడు తీర్పును నమ్మడు. గెలిచినవాడు ప్రజలకు భయపడడు. సామాన్యుడు ఇల్లు కదలడు. ఒక్క ఓటుతో ఏమవుతుందందురా? 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో సి.పి. జోషీ గారు ఒక్క ఓటు తేడాతోనే ఓడిపోయారు.

కట్టుబాట్లు లేకపోలేదు. బూత్ ఆక్రమణను 1989లో ప్రత్యేక నేరముగా చేర్చారు. టి.ఎన్. శేషన్ గారి హయాంలో, 1993లో ఫోటో గుర్తింపు కార్డులకు ఆదేశం వెలువడింది. ఆ కార్డు చేతికి వచ్చిన తరువాతనే అమ్మ మరల ఓటుకు బయలుదేరింది. 2004 నుండి లోక్‌సభ ఎన్నికలన్నీ ఓటింగు యంత్రాలతోనే జరుగుతున్నాయి.

అయినను మోసం దారి మార్చుకొంటుంది. 2019 ఎన్నికలకు ముందు మన రాష్ట్రంలో ఓట్లు తొలగించమని ఫారం 7 దరఖాస్తులు లక్షల్లో వచ్చాయి. వాటిలో అనేకం తప్పుడువని తేలి కేసులు పెట్టారు. 2024 మే 13న మాచర్ల నియోజకవర్గపు పాల్వాయిగేటులో యంత్రాన్ని నేలకు కొట్టిన దృశ్యం దేశమంతా చూసింది.

దొంగ ఓటు వేయడానికి ఎవరో ఒకరి చేయి కావాలి. చూచీ చూడనట్లుండే కళ్లు మరికొన్ని కావాలి. ఆ చేయి మన ఇంటిది కాకూడదు, ఆ కళ్లు మనవి కాకూడదు. ఒక్క పూట భోజనానికి జ్యేష్ఠత్వం అమ్ముకొన్న ఏశావు సంగతి మనకు తెలియనిది కాదు గదా! జాబితాలో ఇంటిల్లిపాది పేర్లు ముందుగానే చూచుకొందాము. చనిపోయినవారి పేర్లు తీయించుదాము. పొద్దుటే వెళ్లి ఓటు వేద్దాము. అమ్మ ఆనాడు అడిగిన ప్రశ్న మన పిల్లలు అడగవలసిన అవసరం రాకూడదు.