ప్రయాణంలో పాపాయి పడక

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో ప్రభలు చూస్తూ జాగారం చేసే తల్లికి, చంటిపిల్లను ఎక్కడ పడుకోబెట్టాలా అన్నదే బెంగ. చెట్టుకు చీర ఉయ్యాల కడితే సరి అంటారు పెద్దవాళ్ళు. కాసేపు జోకొట్టడానికైతే సరే. రాత్రంతా వదిలితే పిల్ల అందులో ముడుచుకుపోయి, గడ్డం రొమ్ముకానుకుని ఊపిరాడక ప్రమాదం.

మడతమంచం కొనేటప్పుడు బొమ్మలూ రంగులూ కాదు, అడుగు చూడండి. చేత్తో నొక్కితే గుంటపడకూడదు. పక్కలకు గాలాడే వల ఉండాలి. గడియలు బిగించి, ఖాళీమంచాన్ని గట్టిగా ఊపి చూడండి. కొట్టువాడు అంటగట్టే అదనపు పరుపూ, దిండ్లూ వద్దు. చలికి ఒంటినిండా బట్టలు వేసి, వెల్లకిలా పడుకోబెడితే చాలు. నరసరావుపేటలో బస్సెక్కించాల్సింది మీరే గనుక బరువూ మీరే ఎత్తి చూసుకోండి! అంచుపట్టుకుని దాటబోయే బుడతడికి మాత్రం ఈ మంచం ఇక పనికిరాదు.