పందులు ఎవరివి, నష్టము ఎవరిది?

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని అయోవా రాష్ట్రమున, వాయవ్య దిశయందు, సూ కౌంటీ అను గ్రామీణ ప్రాంతమొకటి కలదు. మన జిల్లావలె అచ్చట కౌంటీ. అయితే ఈ కౌంటీ జనసంఖ్య సుమారు 36 వేలు, అచ్చటి కొట్టములలో పెరుగు పందుల సంఖ్యయో 10 లక్షలకు పైమాటే.

2020 ఏప్రిల్ నెలలో, పొరుగున ఉన్న దక్షిణ డకోటా రాష్ట్రమందలి సూ ఫాల్స్ నగరమున స్మిత్‌ఫీల్డ్ కంపెనీవారి మాంస కర్మాగారము, కార్మికులలో కరోనా ప్రబలుటచేత మూతపడినది. పందుల పెంపకము కాలనియమమునకు కట్టుబడిన వృత్తి: ఆరు మాసములు పెరిగి సుమారు 125 కిలోలు తూగు పంది ఆ వారమే కొట్టము విడిచిపోవలెను, ఖాళీయైన చోటికి మరియొక ఈత పిల్లలు రావలెను. మేత ఖర్చు ఆగలేదు, తల్లిపందులు ఈనుట ఆగలేదు, కొనువారు మాత్రము కరవైరి. అయోవాలోను మినెసోటాలోను కొందరు తాము పెంచిన జంతువులను తామే చంపి పూడ్చవలసి వచ్చినది. అదే దినములలో నగరములందు ఉచితాహార కేంద్రముల ముందు జనులు బారులు తీరియుండిరి. ఈ రెండింటిని ఒకచో తలచుకొన్నపుడు మనస్సు కలతపడక మానదు.

ఈ దుస్థితిని చూచి ఫెడరల్ ప్రభుత్వము ఏప్రిల్ 17వ తేదీన 'కరోనావైరస్ ఫుడ్ అసిస్టెన్స్ ప్రోగ్రామ్' అను పథకమును ప్రకటించి, రైతులకు నేరుగా పంచుటకు 1,600 కోట్ల డాలర్లు కేటాయించినది. మే 26 నుండి ప్రభుత్వ వ్యవసాయ సంస్థయైన ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీవారి స్థానిక కార్యాలయములు దరఖాస్తులు స్వీకరించినవి. లెక్క ఎట్లుండెననగా, జనవరి 15కు ఏప్రిల్ 15కు నడుమ అమ్మిన పంది 120 పౌండ్లు, అనగా సుమారు 54 కిలోలు, అంతకు పైన తూగినచో తలకు 18 డాలర్లు. ఏప్రిల్ 16కు మే 14కు నడుమ చేతనున్న పందికి తలకు 17 డాలర్లు. వేయి పందులను అమ్మి, మరి వేయింటిని నిలువయుంచుకొన్న రైతునకు 35 వేల డాలర్లు రావలెను. అందు మొదట నూటికి 80 పాళ్లు, అనగా 28 వేలు, చేతికి వచ్చినవి. ఆ సెప్టెంబరులోనే రెండవ విడత ప్రకటింపబడినది. ఇతర పథకములతో కలిపి 2020లో ఆ దేశపు రైతులకు ముట్టిన సర్కారు సొమ్ము 4,500 కోట్ల డాలర్లకు పైబడినది.

ఇంత వేగముగా ఇంత ధనము పల్లెలకు చేరుట మెచ్చదగిన విషయమే. అయితే తలలను లెక్కించి పంచిన సొమ్ము తలలెక్కువగా ఉన్నవారికే ఎక్కువ చేరును. ఒక్కొక్కరికి రెండున్నర లక్షల డాలర్ల పరిమితి ఉన్నను, ముగ్గురు భాగస్వాములు స్వయముగా శ్రమించు సంస్థకు ఏడున్నర లక్షల వరకు దక్కు వెసులుబాటు ఉండెను. అంతకంటె నన్ను బాధించు విషయము వేరొకటి ఉన్నది. అచ్చట ఎందరో పెంపకందారులు అప్పుచేసి కొట్టములు కట్టుకొని, కంపెనీల పందులను ఒప్పందముపై సాకి, ఆ కూలితో అప్పు తీర్చుకొందురు. పందులు వారివి కావు, కనుక మొదటి విడతలో వారు అనర్హులైరి. కొట్టము ఖాళీగా ఉన్నచో కూలి రాదు. బ్యాంకు వాయిదా మాత్రము తప్పదు. 2020 డిసెంబరులో అమెరికా చట్టసభయైన కాంగ్రెసు వీరికొరకు 100 కోట్ల డాలర్ల వరకు అనుమతించినను, పథకపు నిబంధనలు సవరింపబడినది 2021 ఆగస్టులో.

ఈ చిక్కు మనకు క్రొత్తది కాదు. తెలంగాణమున 2018లో ఆరంభమైన రైతుబంధు పథకము పట్టాదారు పాసు పుస్తకమునే ప్రమాణముగా గైకొన్నందున, భూమి దున్ని, పెట్టుబడి పెట్టి, వాన కొరకు ఆకాశమువంక చూచు కౌలురైతు ఆ జాబితాలో లేకపోయెను. రేపు మరియొక విపత్తు వచ్చి సాయపు నిబంధనలు వ్రాయవలసిననాడు, కౌలుదారు పేరును ఏడాది తరువాత చేర్పు సవరణలో గాక, మొదటి ఉత్తర్వులోనే వ్రాయుడని మన ప్రభుత్వములకు నా విన్నపము.